అందరి రిజిస్టర్లూ సరిగ్గానే ఉన్నాయి: మన్యం అధికారులకు ఒక బహిరంగ లేఖ

మన్యంలో వైద్యం, అంగన్‌వాడీలు, గిరిజన సంక్షేమం, రోడ్లు, అడవి చూసుకుంటున్న గౌరవనీయ అధికారులకు,

నమస్కారం.

నేను 31 ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊరూరా తిరిగి తల్లీబిడ్డలను చూసుకునే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ ఏళ్లన్నీ తూర్పు కనుమల్లోనే, కొండ ఎక్కుతూ దిగుతూ గడిచాయి. మోకాళ్లు అరిగిపోయాయి కాబట్టి ఇప్పుడు మైదానంలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ వీధి చివర ఆస్పత్రి, ఆ పక్కనే మందుల దుకాణం, పిలిస్తే పది నిమిషాల్లో ఆటో. మా కోడలికి పురిటినొప్పులు మొదలైన రాత్రి మేం ఇంటికి తాళం వేయడానికి పట్టిన సమయం కూడా ఆస్పత్రికి చేరడానికి పట్టలేదు. ఆ రాత్రంతా వరండాలో కూర్చుని, నేను డోలీ వెనక నడిచిన దారులే తలచుకున్నాను.

ఈ ఉత్తరం మీ అందరికీ కలిపి రాయడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు విడివిడిగా రాసి చూశాను. జవాబులు కూడా విడివిడిగానే వచ్చాయి. మాటలు వేరైనా సారం ఒక్కటే: ఇది మా పరిధిలోది కాదు.

ఒక ఆషాఢ మాసం సంగతి చెబుతాను. గూడెం పేరు చెప్పను, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. వాహనం వచ్చే రోడ్డుకు ఆరు కిలోమీటర్ల పైన ఉంటుంది ఆ గూడెం. మధ్యలో ఒక గెడ్డ, అంటే కొండవాగు. ఎండాకాలం చీలమండ తడవదు, వానలు పడితే నడుము దాకా వస్తుంది. ఆమెకది మూడో కాన్పు. హిమోగ్లోబిన్ 7.8. గర్భిణికి 11 కంటే తగ్గితేనే రక్తహీనత అంటాం, 7 కంటే తగ్గితే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఈమె ఆ అంచున ఉంది. నా రిజిస్టరులో ఆమె పేరు కింద ఎర్ర సిరాతో గీత గీశాను. ఆ గీత ఎంత పద్ధతిగా గీశానో ఇప్పటికీ గుర్తుంది, స్కేలు పెట్టి మరీ గీశాను.

నొప్పులు రాత్రి మొదలయ్యాయి. తెల్లవారుతుండగా ఒక కుర్రాడు సిగ్నల్ అందే బండ దాకా పరుగెత్తి వెళ్లి అంబులెన్సుకు ఫోను చేశాడు. ఈలోగా భర్త, మరిది కలిసి వెదురు బొంగుకు దుప్పటి కట్టారు. ఇద్దరు మోస్తారు, ఇద్దరు భుజం మార్చుకోవడానికి పక్కనే నడుస్తారు, ముందు ఒకడు కర్రతో కంపలు తప్పిస్తూ వెళతాడు. డోలీ అంటే అదే. పత్రికల్లో ఫొటో చూసినవాళ్లకు అది ఊయలలా కనిపిస్తుంది. లోపల ఉన్న మనిషి నడుము వంగి, మోకాళ్లు గడ్డానికి ఆని ఉంటాయి. నొప్పి వచ్చినప్పుడు కాళ్లు చాపుకోవడానికి జాగా ఉండదు. మోసేవాళ్ల అడుగు జారినప్పుడల్లా బొంగు ఊగి, ఆమె వీపు రాళ్లకు తగులుతుంది.

నాకు కబురు అందేసరికి వాళ్లు గెడ్డ దగ్గర ఆగిపోయి ఉన్నారు. నేను కింది నుంచి ఎదురు వెళ్లాను. పనసచెట్టు కింద, వానలోనే కాన్పు అయింది. నా సంచిలో ఉన్న ఇంజెక్షన్ ఇచ్చి, గర్భసంచి గట్టిపడేదాకా చేత్తో మర్దన చేస్తూ కూర్చున్నాను. పురిటి రక్తస్రావం రెండు గంటల్లో ప్రాణం తీయగలదని శిక్షణలో మాకు చెప్పేవారు. నాకు అప్పుడు గంటలు తెలియలేదు. ఆమె పెదవులు తెల్లబడటం మాత్రం తెలిసింది. బిడ్డను నా చీర కొంగులో చుట్టి వాళ్ల అత్త రొమ్ముకు ఆనించాను.

అంబులెన్సు వచ్చింది. అయితే అదే పేరున్న ఇంకో గూడేనికి వెళ్లింది. మన్యంలో ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉండటం మీకు తెలియనిది కాదు. డ్రైవరును తప్పుపట్టలేను, అతనికి చెప్పిన పేరుకే అతను వెళ్లాడు. మళ్లీ తిరిగి మా దారి మొదటికి వచ్చేసరికి ఇంకో గంటన్నర పోయింది.

తల్లికి మూడు సీసాల రక్తం ఎక్కించారు. బతికింది. బిడ్డ కిలో ఆరువందల గ్రాములు. మూడో రోజు పోయింది.

ఇక అసలు చెప్పాలనుకున్నది ఇది. ఇరవై రోజుల తర్వాత మరణ సమీక్ష పెట్టారు. అందరం మా మా రిజిస్టర్లు పట్టుకుని వెళ్లాం. నా దాంట్లో ఎర్ర గీత ఉంది: ప్రమాదం ఉందని ముందే గుర్తించాను, నా పని నేను చేశాను. అంగన్‌వాడీ రిజిస్టరులో ఆ నెలంతా గుడ్లు, పాలు ఇచ్చినట్టు వేలిముద్రలున్నాయి. అంబులెన్సు కాగితంలో ఫోను వచ్చిన వేళ, బయలుదేరిన వేళ నిమిషాలతో సహా ఉన్నాయి. రోడ్లు చూసే ఇంజనీరు ఆ దారికి ప్రతిపాదన పంపి రెండేళ్లయిందన్నాడు. అడవి శాఖ నుంచి వచ్చినాయన, ఆ ప్రతిపాదన సరైన ఫారంలో తమకు చేరలేదన్నాడు. గర్భిణుల వసతి గృహంలో ఆ వారం మంచాలు ఖాళీగా ఉన్నాయని కూడా అక్కడే తెలిసింది. అందరి రిజిస్టర్లూ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఎవరిదీ కాదని తేలింది. తర్వాత బిస్కెట్లు, టీ ఇచ్చారు.

ఆ గదిలో నాకు కొట్టొచ్చినట్టు కనబడింది ఒక చిన్న అంకె. ఒకే నెలలో ఆమె బరువు నా రిజిస్టరులో 38 కిలోలు, అంగన్‌వాడీ రిజిస్టరులో 41. ఒకే మనిషి, రెండు తూకాలు. రెండింటిలో ఏది నిజమని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడటం అదే మొదటిసారి. అప్పటికే బిడ్డ లేడు.

లెక్క ప్రకారం చూస్తే ప్రభుత్వం మన్యానికి అన్యాయం చేయలేదనే అనిపిస్తుంది. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం అయితే గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30,000 మందికి, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి. కానీ మైదానంలో 5,000 మంది రెండు మూడు ఊళ్లలో ఉంటారు. నా 3,000 మంది ఇరవైకి పైగా గూడేల్లో, రెండు కొండల మీద ఉండేవారు. ఒక గూడెం అయితే పేరుకు మా మండలం, నడకకు పక్క మండలం. పక్క మండలం ఆరోగ్య కేంద్రానికి గంటలో దిగవచ్చు, మాదానికి మూడు గంటలు. అక్కడికి వెళితే "మీది మా పరిధి కాదు" అని రాసి పంపేవారు. మళ్లీ అదే పరిధి.

మీ శాఖల మధ్య సమన్వయం లేదని నేను ఊరికే నిందించడం లేదు. నా తప్పు కూడా ఒకటి చెబుతాను. ఏళ్ల తరబడి నేను ఇనుము మాత్రలు అంగన్‌వాడీలోనే, భోజనం కాగానే, నా కళ్లముందే మింగించేదాన్ని. ఇంటికి ఇస్తే చూరులో దోపి మరచిపోతారని భయం. అంతా మంచికే అనుకున్నాను. అదే భోజనంతో అంగన్‌వాడీ టీచరు తన లెక్క ప్రకారం 200 మిల్లీలీటర్ల పాలు తాగించేది. పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. క్యాల్షియం మాత్రకూ ఇనుము మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలని నాకు తెలుసు, గర్భిణులకు చెప్పేదాన్ని కూడా. పాల గ్లాసు మాత్రం నా కంటికి ఆనలేదు, ఎందుకంటే అది నా శాఖది కాదు. ఆమె పాలు ఆమెవి, నా మాత్ర నాది. ఇద్దరం ఒకే గదిలో ఒకరి పనిని ఒకరం చెడగొట్టుకుంటూ, ఇద్దరం పూర్తి మార్కులు వేసుకున్నాం. ఒక కొత్త డాక్టరమ్మ వచ్చి, మాత్ర సాయంత్రానికి మార్చమని చెప్పేదాకా అలాగే సాగింది. ఆమె చేసిందల్లా ఒక పూట అంగన్‌వాడీలో కూర్చుని చూడటమే.

అందుకే నేను మిమ్మల్ని అడిగేది కొత్త పథకం కాదు. పథకాలకు కొదవ లేదు. దయచేసి ఇంకో యాప్ కూడా వద్దు. ఉన్నవాటికి ఫొటోలు పెట్టడానికే ఇప్పుడు పనిచేస్తున్న మా ఏఎన్ఎం పిల్లలు బండ మీదికెక్కి సిగ్నల్ కోసం ఫోను గాలిలో ఊపుతున్నారు. నేను అడిగేది ఒక్క జాబితా. నెలకు ఒకసారి, ఆరోగ్య కేంద్రం పరిధిలో ఉన్న గర్భిణులందరి పేర్లు ఒక్క కాగితం మీద ఉండాలి. పేరు, గూడెం, ఆ గూడేనికి ఏ దారిన వెళ్లాలి, రక్తం ఎంత, కాన్పు తేదీ ఎప్పుడు, ఆ తేదీకి గెడ్డ ఎలా ఉంటుంది, ఇంట్లో పెద్దపిల్లలను ఎవరు చూస్తారు, డోలీ మోయడానికి ఆ గూడెంలో ఆ నెల మగవాళ్లు ఉంటారా, లేక వలస పోతారా. ఆ కాగితం చుట్టూ ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు, సర్పంచి, అంబులెన్సు డ్రైవరు, అడవి శాఖ బీటు ఉద్యోగి, రోడ్ల ఇంజనీరు, మహిళా సంఘం నాయకురాలు ఒక గంట కూర్చోవాలి. పనసచెట్టు కింద బిడ్డను కన్న ఆ తల్లి పేరు అలాంటి కాగితం మీద ఉండి ఉంటే, అదే పేరుతో రెండు గూడేలున్నాయని డ్రైవరే ముందుగా చెప్పేవాడు. వసతి గృహంలో మంచం ఖాళీ ఉందని ఆ గదిలో ఎవరో ఒకరు అనేవారు.

దీనికి కొత్త జీవో కూడా అక్కరలేదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలు చాలా ఏళ్ల కిందటే వచ్చాయి. ఏడాదికి 10,000 రూపాయల నిధి కూడా ఉంది. నేను చూసినంతలో ఆ డబ్బుతో కొన్నవి బ్లీచింగ్ పౌడరు, కుర్చీలు, ఒకచోట గోడగడియారం. డోలీ మోసినవాళ్లకు ఆ రోజు కూలి ఇప్పించండి. నలుగురు మగవాళ్లు పని మానుకుని కొండ దిగితే, ఆ సాయంత్రం నాలుగిళ్లలో గంజి పలచబడుతుంది. ఆ ఖర్చు ఏ రిజిస్టరులోనూ లేదు.

గర్భిణుల వసతి గృహాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సాలూరులో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం పెట్టినప్పుడు మేమంతా ఆశ్చర్యంగా విన్నాం. కాన్పుకు ముందే కొండ మీది తల్లులను దింపి, తిండి పెట్టి, పరీక్షలు చేస్తూ ఆస్పత్రి పక్కనే ఉంచడం మంచి ఆలోచన. డోలీ అవసరమే లేకుండా చేసే ఆలోచన అది. తర్వాత ఇంకా చాలా చోట్ల వచ్చాయి. కానీ కొన్నిచోట్ల మంచాలు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయో అడిగి తెలుసుకున్నారా?

నేను అడిగాను. ఒకామె అంది: "అమ్మా, ఇద్దరు పిల్లలను తెచ్చుకోనిస్తారా?" ఇంకొకామెకు పసుపు తవ్వే కాలం, ఇంట్లో ఇంకో చెయ్యి లేదు. ఒక చిన్నపిల్ల, మొదటి కాన్పు, వసతి గృహంలో ఎవరికీ తమ కువి భాష రాదని రెండో రోజే పారిపోయి వచ్చేసింది. రాత్రి కడుపులో కదలిక ఆగినట్టు అనిపించిందట, ఆ మాట చెప్పడానికి తెలుగు దొరకలేదట. అదృష్టం, బిడ్డకు ఏమీ కాలేదు. మరొకామె చెప్పిన కారణం ఇంకా సూటిగా ఉంది: "మూడు పూటలా అన్నమే పెడతారు. చోడి (రాగి) అంబలి లేకుండా ఎట్లా ఉంటాం?"

వీటిలో ఏ ఒక్కటీ వైద్య సమస్య కాదు. పిల్లల సంగతి అంగన్‌వాడీ చూసుకోగలదు. వసతి గృహం పక్కనే అంగన్‌వాడీ ఉంటే ఇద్దరు పిల్లలూ అక్కడే తింటారు. భాష సంగతికి ఆ గూడేల్లోనే ఇంటర్ చదివిన ఆడపిల్లలున్నారు, ఇద్దరిని నియమించుకోవచ్చు. చోళ్లు మహిళా సంఘాల దగ్గర కొనవచ్చు. గిరిజనుల ఇటుకల పండగ వారంలో ఎవరూ దిగిరారని ఆ ఊళ్లో పుట్టిన ఆశాకు తెలుసు, కాబట్టి కబురు ఆ పండగకు ముందో తర్వాతో వెళ్లాలి. ఇవన్నీ తెలిసినవాళ్లు వేరువేరు జీతాల పట్టీల్లో ఉన్నారు, అంతే.

సంత సంగతి కూడా వినండి. బుధ, శనివారాలు టీకాల రోజులు. ఆ రోజే సంత ఉన్న చోట, నేను మూడు గంటలు ఎక్కి గూడెం చేరితే కనబడేది కుక్కలు, ముసలివాళ్లు. జనమంతా చింతపండు, అడ్డాకులు, పసుపు తట్టలు పట్టుకుని కిందికి దిగి ఉండేవారు. నేను పైకి, వాళ్లు కిందికి, దారిలో ఎదురుపడి పలకరించుకునేవాళ్లం. కొన్నాళ్లకు సిగ్గు వదిలి నేనే సంతలో ఉప్పుచేపల దుకాణం పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాను. బీపీ చూడటం, రక్తం బొట్టు తీయడం, జ్వరమంటే మలేరియా పరీక్ష. ఒక్క సంతలో నెల పని అయ్యేది. పై నుంచి తాఖీదు వచ్చింది: సందర్శన గ్రామంలో జరగాలి, ఫొటో గ్రామంలో తీయాలి. బల్ల తీసేశాను. మీరు మళ్లీ వేయించండి. ఈసారి ఆ బల్ల మీద రేషను కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా సరిచేసే మనిషిని కూడా కూర్చోబెట్టండి. ఎందుకంటే ఖాతా లేక, పేరులో ఒక అక్షరం తప్పి, కాన్పు డబ్బు అందని తల్లులు మళ్లీ మా దగ్గరికే వచ్చి నిలబడతారు.

ఇక దారి. ఇంజనీరుగారూ, అటవీ అధికారిగారూ, మీ ఇద్దరి మధ్య నలుగుతున్నది ఇదే. 2006 అటవీ హక్కుల చట్టంలో మూడో సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం చదివారా? నేను ఉద్యోగం చివర్లో ఒక గ్రామసభలో విన్నాను, విని నోట మాట రాలేదు. రోడ్లు, ఆస్పత్రులు, అంగన్‌వాడీలు, తాగునీటి పనుల వంటి 13 రకాల అవసరాలకు అడవి భూమి ఇవ్వవచ్చు. ఒక్కో పనికి భూమి ఒక హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. అంతే. నాలుగు మీటర్ల వెడల్పు దారి అనుకుంటే ఒక హెక్టారంటే రెండున్నర కిలోమీటర్లు. అడవి లోపల పడే ముక్క అంతకు మించని గూడేలు నాకు తెలిసి చాలానే ఉన్నాయి. గ్రామసభ సిఫారసు చేయదా? డోలీ మోసి భుజాలు కాయలు కాచినవాళ్లు చేతులెత్తరా? ఫారం నింపేవాడు లేక ఆగిపోయింది. ఆ ఫారాన్ని మీ ఇద్దరూ ఒకే మధ్యాహ్నం, ఒకే బల్ల దగ్గర, గ్రామసభ పెద్ద ఎదుట నింపండి. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకంలో ఆదిమ గిరిజన తెగల గూడేలకు రోడ్లు, సంచార వైద్య బృందాలు, అంగన్‌వాడీలు అన్నీ కలిపే ఉన్నాయి. ఢిల్లీలో ఒకే కాగితం మీద ఉన్నది కొండ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ముక్కలైపోకుండా చూడండి.

చివరగా, మీకు నచ్చని మాట ఒకటి. దిసారిని, అంటే గూడెంలో పూజలూ వైద్యమూ చేసే పెద్దను, మంత్రసానిని కూడా పిలవండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్లను శత్రువులుగా చూశాను. ఒకసారి జ్వరం పిల్లాడిని దిసారి దగ్గర చూసి గట్టిగా అరిచాను కూడా. ఆయన తాపీగా, "నువ్వు నెలకోసారి వస్తావు. మిగతా ఇరవై తొమ్మిది రోజులు వీళ్లు ఎవరి దగ్గరికి పోవాలి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఆయనకు ఒక్కటే నేర్పాను: పాప రొమ్ము పట్టకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు చల్లబడినా, పూజ చేసుకో, కానీ అదే నిమిషంలో కుర్రాడిని బండ మీదికి పంపు. చాలాసార్లు పంపాడు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పి శిశు మరణాలు తగ్గించి చూపారు, 1999లో ఆ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఈ రోజు ఆశాలు కాన్పు తర్వాత మూడో రోజు, ఏడో రోజు అంటూ 42వ రోజు దాకా ఇంటికి వెళ్లి బిడ్డను చూస్తున్నారంటే దాని వేరు అక్కడుంది. ఊళ్లో మనిషిని నమ్మడం వల్లే అది జరిగింది.

నా పాత రిజిస్టర్లు ప్రభుత్వానివి, అప్పగించేశాను. కానీ నా సొంత నోటుపుస్తకం ఒకటి నా దగ్గరే ఉంది. ఒకే పేరున్న గూడేల జాబితా, ఏ గెడ్డ ఏ నెలలో దాటలేమో, ఏ గూడెంలో సిగ్నల్ ఏ బండ మీద దొరుకుతుందో, ఎవరికి కువి, ఎవరికి ఒడియా వచ్చో అందులో రాసుకున్నాను. మీరు అందరూ కలిసి కూర్చునే మొదటి రోజు చెప్పండి, మోకాళ్లకు పట్టీ కట్టుకుని బస్సెక్కి తెచ్చిస్తాను.

ఆ గూడెం ఆశా మొన్న ఫోను చేసింది. ప్రస్తుతం అక్కడ ముగ్గురు గర్భిణులున్నారట. ఒకామెకు తేదీ ఆగస్టు రెండో వారం. గెడ్డ అప్పటికి నడుము దాటుతుంది.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ఏఎన్ఎం